ఉబాలకు ముందే మాట్లాడుకుందాం

వేదిక మీద పెద్దలకు, చెరువు ఆయకట్టు రైతులకు, వెనక నిలబడ్డ అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ, ఉబాలు, అంటే వరి నాట్లు, దగ్గరపడ్డాయి, మీకు పనులున్నాయి.

నీటి సంఘానికి కట్టుబాట్లు ఎలా పెట్టుకోవాలో చెప్పమని పిలిచారు. ముందు నా బాధ చెప్పనివ్వండి. మా ఊరికి ఒక ఆఫీసు నుంచి నీటి కట్టుబాట్లు టైపు చేసిన కాగితం వచ్చింది. చదివినవాళ్లు లేరు, సంతకాలు మాత్రం అందరివీ. శ్రావణంలో వాన లేదు. చెరువు నీరు వదిలే మదుము దగ్గర అన్నదమ్ములే పారలు పట్టుకుని ఎదురుబొదురు నిలబడ్డారు. ఆ కాగితం ఎవరికి గుర్తొస్తుంది? నీరు చివరగా అందే శివారులో నారు ఎండిపోయిన ముసలామె నాతో అంది: "సంతకం ఎట్టమన్నారు, ఎట్టీసినాను. నన్నెవులడిగినారు బాబూ?"

నన్నెవరడిగారు అనే మనిషి ఒక్కరున్నా కట్టుబాటు నిలవదు. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేసి సాగునీటి యాజమాన్యం రైతు సంఘాలకిచ్చారు. మంచిదే. రికార్డులో పేరు లేని కౌలు రైతుకు అందులో చోటేది? దమ్ము పట్టేది ఆయనే కదా! నారు తీసి నాటే ఆడవాళ్లను ఎవరు పిలిచారు? అమ్మా, మీరు వెళ్లిపోకండి, ఈ మాటలు మీ గురించే.

2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ నేపాల్ రైతుల కాలువలను కూడా పరిశీలించారు. వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, వాళ్లే కాపలా కాసుకుని, తప్పు చేస్తే మొదట చిన్న జరిమానా, మళ్లీ చేస్తే పెద్దది వేసుకున్న చోట ఏర్పాట్లు ఎక్కువ కాలం నిలబడ్డాయని చూపించారు.

కాబట్టి నియమాలేమిటని మొదలుపెట్టకండి. నిరుడు నీకేం కష్టమొచ్చిందని అడగండి. శివారు నుంచి అడగండి. వంశధార నది మీది గొట్టా బ్యారేజీ ఎడమ కాలువ మీద టెక్కలి, పలాస వైపు శివారు రైతుల గోడు మీకు తెలుసు; మన చెరువు కింద చివరి మడిదీ అదే గోడు. ఎవరు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి. "అందరూ సహకరించాలి" అని రాస్తే ఒక్క మడీ తడవదు. రాత్రి వంతు ఎవరిది, మదుము తాళం ఎవరి దగ్గర, వంతు దాటితే ఎంత కట్టాలి, చెరువు సగమే నిండితే ఎవరి పొలానికి ముందు, ఇవి రాయండి. ఒప్పుకోని వాళ్లను చేతులెత్తించి ఓడించకండి. ఏ మాట మారిస్తే ఒప్పుకుంటారో అడగండి. ఈ ఒక్క పంటకే అనుకుందాం, కోతలయ్యాక మళ్లీ కూర్చుందాం.

నేను ఇంకా చెప్పగలను, కానీ పొలాలు మీవి. బాబూ, ఈ మైకు ఆ చివరి వరుసలో ఉన్న అమ్మకివ్వు. ఎగువ రైతులు ఆ తర్వాత మాట్లాడతారు.