బ్రెంట్ టేలర్: ఊరికి మేయర్, సైన్యంలో మేజర్, ఏడుగురు పిల్లల తండ్రి

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈరోజు మనం మాట్లాడుకునేది బ్రెంట్ టేలర్ గురించి. అమెరికాలో యూటా రాష్ట్రంలోని నార్త్ ఆగ్డెన్ అనే చిన్న ఊరికి ఆయన మేయర్. యూటా ఆర్మీ నేషనల్ గార్డ్‌లో మేజర్ కూడా. 2018 నవంబర్ 3న కాబూల్‌లో చనిపోయారు. అప్పటికి 39 ఏళ్ళు. అక్కా, ఈయన మీద ఎపిసోడ్ చేయాల్సిందేనని పట్టుబట్టింది నువ్వే.

అక్క: అవున్రా. యుద్ధంలో పోయినవాళ్ళ గురించి మాట్లాడితే పతకాలు చెప్పి ఊరుకుంటాం. ఈయన గురించి నాకు మనసులో నిలిచిపోయింది ఒక ఉత్తరం. దాని సంగతి చెప్తాను. ముందు నేషనల్ గార్డ్ అంటే ఏంటో నువ్వు చెప్పు.

తమ్ముడు: మామూలు రోజుల్లో ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుంటారు. నెలకో శని, ఆదివారం, ఏడాదిలో రెండు వారాలు ట్రైనింగ్ ఉంటుంది. వరదలొచ్చినా, కార్చిచ్చు అంటుకున్నా గవర్నర్ పిలుస్తారు. దేశం పిలిస్తే యుద్ధానికీ వెళ్ళాలి. మన దేశంలో 1949లో మొదలైన టెరిటోరియల్ ఆర్మీ కొంతవరకు ఇలాంటిదే. టేలర్ 2003లో చేరారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ కలిపి, 2018లో వెళ్ళింది నాలుగోసారి.

అక్క: నాలుగోసారి! ఆయన పోయేనాటికి పెద్దపిల్లకి 13 ఏళ్ళు, ఆఖరిదానికి 11 నెలలు. ఆయన ఆ ఏడాది జనవరిలో మేయర్ పనికి సెలవు పెట్టారు. అంటే పిల్ల ఇంకా పొత్తిళ్ళలోనే ఉంది.

తమ్ముడు: సాగనంపిన రోజు పోలీసులు ముందు నడుస్తుంటే కుటుంబమంతా ఊళ్ళో తిరిగింది. జనం వందల్లో వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డారు.

అక్క: అంతా బాగానే ఉంది. మర్నాటి నుంచి? నేను ఎక్కువగా ఆలోచించేది ఆయన భార్య జెన్నీ గురించే. మన తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది చూడు, మిలిటరీ మాధవరం అంటారు. అక్కడ పక్కింటావిడకి నీ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళింట్లోనూ ఎవరో ఒకరు సైన్యంలో ఉంటారు. రెగ్యులర్ ఆర్మీ వాళ్ళకి కంటోన్మెంట్ ఉంటుంది, తోటి కుటుంబాలుంటాయి. గార్డ్‌లో పనిచేసేవాళ్ళ కుటుంబం మాత్రం మామూలు వీధిలోనే ఉంటుంది. పక్కింటాయన సాయంత్రానికి ఆఫీసు నుంచి వచ్చేస్తాడు, మీ ఇంటాయన ఏడాదికి గానీ రాడు. రాత్రిపూట ఫోన్ మోగితే చాలు, టెన్షన్. ఆ ఏడాదంతా ఇల్లు నడిపిన మనిషి చేసింది కూడా దేశసేవే. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

తమ్ముడు: కాబూల్‌లో ఆయన పని అఫ్ఘాన్ కమాండోలకి శిక్షణ ఇవ్వడం. ఆయన్ని కాల్చింది కూడా ఆ అఫ్ఘాన్ దళాల్లోని మనిషే. ఆ మనిషిని అక్కడికక్కడే అఫ్ఘాన్ సైనికులే చంపేశారు. టేలర్ ఆ తర్వాతి జనవరిలో ఇంటికి రావాల్సింది.

అక్క: చనిపోవడానికి ఆరు రోజుల ముందు, అక్టోబర్ 28న, ఆయన ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టారు. అఫ్ఘానిస్తాన్‌లో పార్లమెంటు ఎన్నికలు అప్పుడే జరిగాయి. ఇన్ని బెదిరింపుల మధ్య లక్షలమంది వచ్చి ఓటేశారని సంతోషంగా రాశారు. ఇంటి దగ్గర మీరూ ఓటెయ్యండి, ఏ పార్టీ గెలిచినా మనల్ని విడదీసేవాటికంటే కలిపేవే ఎక్కువని గుర్తుంచుకోండి అన్నారు. విదేశాల్లో చనిపోయిన అమెరికా సైనికుల్ని ముందుగా తీసుకొచ్చే డోవర్ వైమానిక స్థావరానికి ఆయన శవపేటిక వచ్చేసరికి అమెరికాలో ఎన్నికల రోజు. జెన్నీ అక్కడే మైకు ముందు నిలబడి, జెండా కప్పిన పెట్టెలో ఈ రోజునే ఆయన ఇంటికి రావడం తగిన విషయమే అని చెప్పింది. అంత దుఃఖంలో అంత నిబ్బరంగా ఎలా మాట్లాడగలిగిందో!

తమ్ముడు: ఇక ఆ ఉత్తరం గురించి చెప్పు.

అక్క: రాసింది అబ్దుల్ రహ్మాన్ రహ్మానీ అని, అఫ్ఘాన్ సైన్యంలో పైలట్, ఆయనా మేజరే. టేలర్‌తో కలిసి పనిచేసినవాడు. జెన్నీకి రాశాడు. అందులో యుద్ధం సంగతులు కొంచెమే. టేలర్‌ని కలవకముందు ఆడా మగా సమానమని తాను అనుకునేవాణ్ణే కాదట. నా భార్య హమీదాని నాతో సమానంగా ప్రేమించడం, పిల్లల్ని అపురూపంగా చూసుకోవడం మీ ఆయనే నేర్పారు అని రాశాడు. మంచి తండ్రిగా, మంచి భర్తగా, మంచి మనిషిగా ఉండటం ఆయన్ని చూసే నేర్చుకున్నానన్నాడు. ఇవి తుపాకీ పట్టడం నేర్పే క్లాసులో చెప్పే పాఠాలా? ఖాళీ దొరికినప్పుడల్లా ఈయన ఇంటి కబుర్లు, జెన్నీ గురించి, పిల్లల గురించి చెప్పి ఉంటారనే నా ఊహ. ఎదుటివాడు అవి వింటూ వింటూ మారాడు.

తమ్ముడు: కానీ అక్కా, 2021 ఆగస్టులో తాలిబాన్ మళ్ళీ కాబూల్‌ని పట్టుకుంది. టేలర్ అంత మెచ్చుకున్న ఎన్నికలు లేవు, శిక్షణ ఇచ్చిన సైన్యమూ లేదు. అదంతా వృథాయేనా?

అక్క: ఆ ప్రశ్న ఆ కుటుంబాన్ని ఎంత కాల్చి ఉంటుందో మనం బయటి నుంచి ఊహించలేం. నేను వృథా అనను. ప్రభుత్వం పడిపోయింది, నిజమే. హమీదాని సమానంగా చూడాలని ఆమె భర్త నేర్చుకున్నది మాత్రం ఆ ప్రభుత్వంతోపాటు పడిపోయేది కాదుగా. టేలర్ ఇచ్చిన శిక్షణ మొత్తంలో నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

తమ్ముడు: ఆయన్ని నార్త్ ఆగ్డెన్‌లోనే, ఊరివాళ్ళ మధ్యే ఖననం చేశారు. తర్వాత జెన్నీ ఆయన పేరు మీద ఫౌండేషన్ పెట్టింది. యూటాలో ఆర్మీ సెక్రటరీకి, అంటే అమెరికా ఆర్మీ శాఖ అధిపతికి, పౌర సహాయకురాలిగా కూడా నియమితురాలైంది. సైన్యానికీ ఊళ్ళకీ మధ్య వారధిగా ఉండే బాధ్యత అది, జీతం ఉండదు.

అక్క: ఏడుగురు పిల్లల్ని పెంచుతూ! వింటున్నవాళ్ళలో టెరిటోరియల్ ఆర్మీలో పనిచేసినవాళ్ళు ఉంటే మాకు రాయండి. వాళ్ళు డ్యూటీకి వెళ్ళినప్పుడు ఇల్లు చూసుకున్నవాళ్ళు రాస్తే మరీ సంతోషం. వచ్చే ఎపిసోడ్‌లో మీ ఉత్తరాలే చదువుతాం.