జో డెవ్లిన్ కెరీర్ టైమ్‌లైన్, గూగుల్ షీట్స్‌లో పది నిమిషాల్లో

హాయ్ అందరికీ, ఈరోజు జో డెవ్లిన్. బెల్‌ఫాస్ట్ మనిషి, ఐరిష్ నేషనలిస్ట్, అంటే ఐర్లాండ్‌కి సొంత పాలన కావాలన్న వర్గం నాయకుడు, 1871లో పుట్టాడు, 1934లో పోయాడు. పొట్టిగా ఉండేవాడని అక్కడోళ్లు 'వీ జో' అనేవాళ్లు, మన భాషలో పొట్టి జో అన్నమాట.

కొత్త షీట్ తెరిచా, ఏ కాలమ్‌లో ఈయన గెలిచిన పార్లమెంటు సీటు, బీలో మొదలైన ఏడాది, అంతే, టైప్ చేసేస్తున్నా చూడండి. మొదటి మూడూ లండన్ పార్లమెంటు సీట్లే. నార్త్ కిల్కెన్నీ 1902. వెస్ట్ బెల్‌ఫాస్ట్ 1906, ఇది 16 ఓట్ల తేడాతో గెలిచాడు, పదహారే! తర్వాత ఫాల్స్ 1918. ఆ ఎన్నికల్లో వీళ్ల ఐరిష్ పార్లమెంటరీ పార్టీ మొత్తం ఊడ్చుకుపోయి 6 సీట్లకి పడిపోయింది, ఈయన మాత్రం ఫాల్స్‌లో ప్రత్యర్థి షిన్ ఫేన్ పార్టీ నాయకుడు డి వెలేరానే ఓడించాడు, 8,488కి 3,245. సరే, ముందుకెళ్దాం.



ఇప్పుడు కొంచెం ఆగండి, నేను పడ్డది ఇక్కడే. 1921లో ఉత్తర ఐర్లాండ్ పార్లమెంటుకి బెల్‌ఫాస్ట్ వెస్ట్ నుంచి గెలిచాడు. నేను మొదటిసారి 1921 నుంచి 1929 దాకా ఒకటే ఆకుపచ్చ బార్ గీసేశా, చూడ్డానికి భలే ఉంది, కానీ తప్పు. ఎందుకంటే గెలిచాడు కానీ లోపలికెళ్లి కూర్చోలేదు, ఐర్లాండ్‌ని ముక్కలు చేసి పెట్టిన పార్లమెంటు మాకొద్దని నేషనలిస్టులు బయటే ఉండిపోయారు. ఇంకొక్క తోటి మెంబర్‌తో కలిసి ఈయన లోపలికి అడుగుపెట్టింది 1925లో. అంటే 4 ఏళ్లు ఖాళీ కుర్చీ. అది చార్ట్‌లో కనపడకపోతే ఇంక ఈయన కెరీర్ గీసి ఏం లాభం? అందుకే సీ కాలమ్ 'ఖాళీ ఏళ్లు', డీ కాలమ్ 'కూర్చున్న ఏళ్లు', ఇలా. ఈ వరుసలో సీలో 4, డీలో 4. మిగతా వాటికి సీలో సున్నా, గుర్తుంచుకోండి, సున్నా, ఖాళీగా వదిలేయొద్దు.

1929కి రెండు వరుసలు, బెల్‌ఫాస్ట్ సెంట్రల్ ఒకటి, లండన్ పార్లమెంటుకి ఫెర్మనా అండ్ టైరోన్ ఒకటి. రెండూ ఒకేసారి, చనిపోయేదాకా. ఒకే వరుసలో ఇరికిస్తే ఒకటి కనపడదు.

అన్నీ సెలెక్ట్, ఇన్సర్ట్, చార్ట్, స్టాక్డ్ బార్. బీ సిరీస్‌కి ఒపాసిటీ సున్నా, అది మాయం. సీకి బూడిద రంగు, డీకి ఆకుపచ్చ. కింద యాక్సిస్ మినిమమ్ 1900. ఇదిగో, ఇక్కడ, ఈ బూడిద ముక్క చూశారా? అదే.

1932లో ఉత్తర ఐర్లాండ్ పార్లమెంటు నుంచి ఈయన వాకౌట్ కూడా ఉంది, దాన్ని బార్‌లో పెట్టలేదు, సెల్‌లో నోట్ రాసుకున్నా. ఇంకోటి, 1931 దగ్గర చిన్న పిట్ట బొమ్మ పెట్టా. అడవి పక్షుల రక్షణ చట్టం, ఆ పార్లమెంటులో నేషనలిస్టులు పెట్టిన బిల్లుల్లో పాసైంది అదొక్కటే అంటారు, అన్నేళ్ల ప్రతిపక్షానికి దక్కింది పిట్టలే మరి! బొమ్మ మాత్రం చార్ట్ ఫైనల్ అయ్యాకే పెట్టండి, చార్ట్ జరిపితే పిట్ట ఎక్కడున్నది అక్కడే ఉండిపోద్ది.