పాప పడుకున్న పదిహేను నిమిషాల్లో పదకొండు సర్దడానికే పోతే

[దృశ్యం: సగం మూసిన తలుపు. గోడ గడియారం క్లోజప్‌లో.]

వాయిస్: పాప పడుకుంది. టైం 2:10. అల్మారా పై అరలోంచి రంగుల డబ్బా దించడానికి మూడు నిమిషాలు. కుంచె కనబడదు, వెతకడానికి రెండు. గ్లాసులో నీళ్లు, కింద పరవడానికి పాత గుడ్డ, ఇంకో రెండు. తెల్ల కాగితం ముందు కూర్చుని ఏం గీయాలో తేల్చుకోవడానికి నాలుగు. 2:21. నాలుగు గీతలు పడేసరికి 2:25, లోపల్నుంచి ఏడుపు.

ఇలా వారంలో మూడుసార్లు జరిగితే ఎవరైనా "నాకు టైం ఎక్కడిది" అనే అంటారు. టైం ఉంది, పదిహేను నిమిషాలు. అందులో పదకొండు సర్దడానికే పోయాయి. ఈ వీడియో ఆ పదకొండు నిమిషాల గురించే. బొమ్మలైనా, కుట్లైనా, కవితలైనా లెక్క ఒకటే.

[స్క్రీన్ మీద: చిన్న నోట్‌బుక్, మూడు నిలువు గడులు]

వాయిస్: ముందు మూడు రోజులు మీ దినచర్యలో ఏమీ మార్చకండి. చెయ్యి ఖాళీ అయిన ప్రతిసారీ టైం, ఎన్ని నిమిషాలు, పిల్లలు ఏం చేస్తున్నారు, ఈ మూడూ రాయండి. మూడు రకాల ఖాళీలు తేలతాయి. ఒకటి, పిల్లలు నిద్రపోయే ఖాళీ. రెండు, కాపలా ఖాళీ: బిడ్డ పక్కనే ఆడుకుంటూ ఉంటుంది, మీరు ఒక కన్ను అటు వేసి ఉంచాలి. మూడోది, చేతులకు పనుండి తల ఖాళీగా ఉండే వేళ: గిన్నెలు తోముతూనో, బట్టలు మడతపెడుతూనో.

మూడోదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. కవితలో ఒక చరణం, పాటకు ఒక వరస అప్పుడే కుదురుతాయి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్‌ను మొదటి స్క్రీన్ మీదే పెట్టుకోండి, 20 సెకన్లు చెప్పి ఆపేయండి. బిడ్డకు స్నానం చేయిస్తున్నప్పుడు మాత్రం వద్దు. నీళ్ల దగ్గర కన్నూ మనసూ రెండూ బిడ్డ మీదే ఉండాలి.

[దృశ్యం: బల్ల మీద రంగుల బిళ్లలు, యాక్రిలిక్ ట్యూబులు, క్రోషే సూది, ఊలు]

వాయిస్: ఇక అసలు సంగతి, ఏ పని ఎంచుకోవాలి. మధ్యలో వదిలేస్తే పాడవని పని ఎంచుకోవాలి. ఇష్టం ముఖ్యమే, కానీ ఈ రెండు మూడేళ్లకు దీనికే ఎక్కువ మార్కులు వేయండి.

వాటర్‌కలర్ బిళ్లలు ఎండిపోతే మళ్లీ ఒక చుక్క నీళ్లు వేస్తే చాలు. మూడు గంటలు వదిలేసినా ఏమీ కాదు. యాక్రిలిక్ రంగు అలా కాదు, రంగులు కలిపే పలకమీద నిమిషాల్లో గట్టిపడుతుంది. కుంచెలోనే ఎండితే ఆ కుంచె ఇక పారేయడమే. ఏడుపు విని లేచి వెళ్లిన మనిషి కుంచె కడుగుతుందా?

క్రోషేలో, అంటే కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లే అల్లికలో, ఎప్పుడు ఆపినా సూది మీద ఉండేది సాధారణంగా ఒక్క ఉచ్చే. దాన్ని కాస్త పెద్దగా లాగి పిన్నీసు తగిలిస్తే ఎక్కడా ఊడదు. రెండు సూదుల ఊలు అల్లికలో వరస మధ్యలో ఆపితే పదుల కొద్దీ ఉచ్చులు సూది మీదే ఉంటాయి. చిన్న చెయ్యి ఒక సూది లాగిందా, వరసంతా జారుతుంది. అదే చెయ్యాలనుకుంటే సూదుల కొనలకు రబ్బరు మూతలు పెట్టండి, వీలైనంతవరకు వరస చివరే ఆపండి.

శిల్పి రూత్ అసావాకు ఆరుగురు పిల్లలు. 1947లో మెక్సికోలో తీగతో బుట్టలల్లే పద్ధతి నేర్చుకుని, దాంతోనే ఉచ్చులు ఉచ్చులుగా అల్లిన పెద్ద శిల్పాలు ఇంట్లో, పిల్లల మధ్యే చేసింది. ఒక ఉచ్చు దగ్గర ఆపి, మళ్లీ అక్కడే అందుకోగల పని అది.

[క్లోజప్: జిప్ సంచి తెరుచుకుంటుంది]

వాయిస్: ఇప్పుడు సంచి. ఉదాహరణకు బొమ్మలు వేసేవాళ్లకు: 20 సెంటీమీటర్ల జిప్ సంచి, ఏ6 సైజు నోట్‌బుక్, అంటే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 పొడవు. ఆరు రంగుల బిళ్లలు, 2బీ పెన్సిల్, పిడిలోనే నీళ్లు పట్టే కుంచె, పాత చేతిరుమాలు, ఒక క్లిప్పు. కాగితం 300 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటిదైతే హాయి. మామూలు రాత పుస్తకం కాగితం నీళ్లు తగలగానే ముడతలు పడుతుంది, రంగు గుంటల్లో చేరుతుంది, తప్పు మీదేననుకుని మానేస్తారు.

సంచి ఉండాల్సింది మీరు కూర్చునే చోటుకు చేతికందే దూరంలో, పిల్లలకు అందనంత ఎత్తులో. సంచి తెరిచిన దగ్గర్నుంచి మొదటి గీత దాకా 60 సెకన్లు దాటకూడదు. టైమర్ పెట్టి చూడండి. దాటిందంటే సంచిలో ఏదో ఎక్కువైంది, లేదా ఏదో బయట ఉండిపోయింది.

ఆ నాలుగు నిమిషాలు గుర్తున్నాయా, ఏం గీయాలా అని ఆలోచించినవి? వాటికి మందు ఇది. అలసిపోయి ఏ ఆలోచనా రాని ఒక సాయంత్రం, పది పేజీల్లో 5 × 7 సెంటీమీటర్ల గడులు గీసి పెట్టండి. ఒక్కో గడి కింద ఒక వస్తువు పేరు: తాళం గుత్తి, పాప చెప్పు, కిటికీ మూల. తర్వాత సంచి తెరిచినప్పుడు ఎంపిక అయిపోయే ఉంటుంది. అంత చిన్న గడి పది నిమిషాల్లో పూర్తవుతుంది కూడా. ఎదురుగా ఉన్న వస్తువునే గీయండి. నమూనా కోసం ఫోన్ తెరిచారా, ఇక ఆ ఖాళీ ఫోన్‌కే.

[స్క్రీన్ మీద: పేజీ మూలలో పెన్సిల్‌తో రాసిన ఒక వాక్యం]

వాయిస్: ఆపడం కూడా పనిలో భాగమే. పదిహేనులో చివరి రెండు నిమిషాలు దీనికి ఉంచుకోండి. పేజీ మూలలో తర్వాతి అడుగు రాయండి. "బొమ్మ పూర్తి చెయ్యాలి" అని కాదు. "ఆకుపచ్చలో కొంచెం నీలం కలిపి ఎడమ కొమ్మ నీడ" అని. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి వెళ్తే, మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరోయ్ 2009లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. ఆ వాక్యం రాసుకుంటే పాప దగ్గరికి వెళ్లాక కొమ్మ గురించి తలపోయక్కర్లేదు. ఎప్పుడు ఏడుస్తుందో తెలియని రోజైతే వాక్యం ముందే రాసుకోండి.

[దృశ్యం: మూసిన తలుపు. అటువైపు నుంచి గొంతు: "డైపర్లు ఎక్కడ పెట్టావ్?"]

వాయిస్: వారానికి ఒక 45 నిమిషాలు ఇంకొకరికి పిల్లల్ని అప్పగించి తీసుకోవాల్సిందే. ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. ఇంటి పనిలో కంటికి కనబడని భాగాన్ని సమాజశాస్త్రవేత్త ఎలిసన్ డామింజర్ 2019లో నాలుగుగా విడదీసింది: ఏం కావాల్సి వస్తుందో ముందే ఊహించడం, దారులు వెతకడం, తేల్చడం, జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. "కాసేపు పిల్లను చూడండి" అంటే చూడటం ఒక్కటే అటు వెళ్తుంది, ఈ నాలుగూ మీ దగ్గరే ఉంటాయి. తలుపు మూసినా ఆ ప్రశ్న అందుకే వచ్చింది.

అందుకని ఇలా చెప్పండి: "శనివారం 4 నుంచి 4:45 దాకా పిల్ల పూర్తిగా మీది. ఆకలేస్తే ఏం పెట్టాలో మీరే చూసుకోండి. దెబ్బ తగిలినా, జ్వరమొచ్చినా పిలవండి, మిగతావి వద్దు." డైపర్లు, మార్చే బట్టలు ఎక్కడున్నాయో ముందు రోజే ఒకసారి చూపించండి. ఆ తర్వాత గౌను తిరగేసి తొడిగినా బయటికి రాకండి. ఇంట్లో అప్పగించేవాళ్లు లేకపోతే ఇంకో అమ్మతో వంతులు వేసుకోండి: ఒక వారం ఆమె 90 నిమిషాలు ఇద్దరు పిల్లల్నీ చూస్తుంది, మరుసటి వారం మీరు. తేదీలు ఇద్దరి ఫోన్‌లలోనూ ఉండాలి.

కాపలా ఖాళీలో బిడ్డకూ ఒక కుంచె కావాల్సి వస్తుంది. కప్పులో అరంగుళం నీళ్లు, ఒక పలక ఇవ్వండి. తడి గీత నల్లగా కనిపించి ఆరిపోతుంది, మళ్లీ గీస్తుంది. మీ సంచి మాత్రం ఇవ్వకండి, సూదులూ పూసలూ ఉంటే అసలే వద్దు. మూడేళ్ల లోపు పిల్లలకు టాయిలెట్ పేపర్ చుట్ట మధ్య ఉండే అట్ట గొట్టంలోంచి జారిపోయే వస్తువేదైనా గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

నిద్ర కోసి టైం తీయొద్దు. తెల్లవారుజామున లేవమనే సలహా రాత్రి మూడుసార్లు లేచే మనిషికి కాదు. బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, ఇష్టమైనవేవీ ఇష్టమనిపించకపోవడం రెండు వారాలు దాటితే అది టైం సమస్య కాకపోవచ్చు, డాక్టర్‌కు చెప్పండి.

వారానికి మూడు పదిహేనులు చాలు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో 96 మంది మీద జరిగిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని అంచనా వేశారు. ఒక రోజు తప్పినందువల్ల పెద్ద తేడా రాలేదు. అంచేత తప్పిన రోజుకు మర్నాడు రెండింతలు చెయ్యక్కర్లేదు.

[చివరి దృశ్యం: పది ఖాళీ గడులు. కుక్కర్ మూతంత టైమర్ పక్కన.]

వాయిస్: ఈ రాత్రికి గడులు గీసి, పేర్లు రాసి, నోట్‌బుక్‌ను సంచిలో పెట్టేయండి. బొమ్మ రేపు.