పెళ్లి డీవీడీకి లాక్ ఉందా? డిస్క్ తాళాల సంగతి, కాపీ చేసుకునే పద్ధతి

నమస్తే అండీ, కడప నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియోలో పని ఒక్కటే. బీరువాలో పట్టుచీరల కింద పడున్న పెళ్లి డీవీడీని కంప్యూటర్లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, టీవీలో చూసుకునేలా చేయడం. దానికి ముందు ఒక అనుమానం తీర్చాలి. డిస్క్ పట్టుకుని వచ్చే ప్రతి ఒక్కరూ అడిగేది అదే: "అన్నా, దీనికి లాక్ ఉందంట, లాక్ తీసే సాఫ్ట్‌వేర్ ఏదన్నా ఉంటే చెప్పు."

లాక్ లేదు. మీ పెళ్లి డీవీడీకి లేదు, బాబు పుట్టువెంట్రుకల సీడీకి లేదు, గృహప్రవేశం సీడీకీ లేదు. స్టూడియోవాళ్లు బజారులో దొరికే ఖాళీ డిస్క్ మీద రైట్ చేసి ఇస్తారు. సినిమా కంపెనీలు పెట్టే తాళం ఆ డిస్క్ మీద పెట్టడం కుదరదు. ఎందుకు కుదరదో కాసేపట్లో చెప్తాను. అయినా "లాక్ బ్రేక్ చేయాలి, ఎక్స్‌ట్రా అవుతుంది" అని డబ్బులు తీసుకునే షాపులు ఉన్నాయి. ఆ డబ్బు పెడితే మంచి పెన్‌డ్రైవే వస్తుంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డిస్క్ డ్రైవ్ రావడం లేదు కాబట్టి యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కావాలి. కొనక్కర్లేదు, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నా చాలు. డిస్క్ పెట్టి ఫోల్డర్ తెరవండి. స్క్రీన్ మీద చూడండి, వీడియో అండర్‌స్కోర్ టీఎస్ అని ఫోల్డర్ ఉంది కదా, ఇది ఉంటే డీవీడీ. దాని బదులు ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, లోపల డాట్ (.dat) ఫైళ్లు కనిపిస్తే అది వీసీడీ. నాది డీవీడీ. లోపల వీఓబీ అనే పెద్ద ఫైళ్లు ఉన్నాయి, ఒక్కోటి 1 జీబీ దాకా. వీటిలో ఒకదాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో తెరుస్తున్నాను. పెళ్లికూతురి చేతికి గాజులు తొడుగుతున్నారు, బొమ్మ శుభ్రంగా ఉంది. అంటే తాళం లేనట్టే. తాళం ఉన్న డిస్క్ అయితే కాపీ మధ్యలోనే ఆగిపోతుంది, లేదంటే ఫైల్ వస్తుంది కానీ తెరిస్తే పచ్చ, గులాబీ రంగు గళ్లు తప్ప ఏమీ కనిపించవు.

ఇక సినిమా డీవీడీల సంగతి. దీనికి కొంచెం టైమ్ తీసుకుంటాను, ఎందుకంటే లాక్ బ్రేకింగ్ అని ఇంటర్నెట్‌లో దొరికేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

డీవీడీ తాళం పేరు సీఎస్ఎస్. 1996లో డీవీడీతో పాటే వచ్చింది. ఇందులో తాళంచెవులు మూడు వరసలుగా ఉంటాయి. ప్లేయర్ తయారుచేసే ప్రతి కంపెనీకీ ఒక చెవి ఇస్తారు, అది ప్లేయర్ లోపలే ఉంటుంది. డిస్క్‌కు సొంతంగా ఒక చెవి ఉంటుంది. కానీ దాన్ని విడిగా పెట్టరు. దాదాపు 400 ప్లేయర్ చెవుల్లో ఏది ఉన్నా తెరుచుకునేలా, 400 సార్లు విడివిడిగా బిగించి డిస్క్ మీద ఒక మూల రాస్తారు. మీ ప్లేయర్ తన చెవితో డిస్క్ చెవిని బయటికి తీస్తుంది, డిస్క్ చెవితో సినిమా చెవిని తీస్తుంది, దాంతో బొమ్మను తెరుస్తుంది. మనం ప్లే నొక్కినప్పుడు ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది.

ఆ చెవులు రాసే మూల ఉంది చూశారా, అసలు కిటుకు అక్కడే ఉంది. బజారులో అమ్మే ఖాళీ డీవీడీల్లో ఆ చోటు రాయడానికి వీల్లేకుండానే ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. అందుకే సినిమా డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్క్‌కు దించినా చెవి రాదు, బొమ్మ రాదు. పెళ్లి డిస్క్‌కు స్టూడియోవాళ్లు తాళం వేయలేకపోవడానికీ అదే కారణం.

ఇంత పకడ్బందీగా చేసినవాళ్లు చెవిని మాత్రం 40 బిట్లకే కుదించారు. అప్పట్లో అమెరికా నుంచి అంతకన్నా గట్టి ఎన్‌క్రిప్షన్‌ను బయటి దేశాలకు పంపాలంటే సర్కారు ఆంక్షలు ఉండేవి. 40 బిట్లంటే 1 లక్ష కోట్లకు పైగా చెవులు. వినడానికి పెద్ద లెక్కే. కానీ తాళం తయారీలోనే లోపాలున్నాయని 1999లో ఫ్రాంక్ స్టీవెన్‌సన్ అనే ఆయన చూపించాడు. ఆయన పద్ధతిలో 3 కోట్ల పైచిలుకు ప్రయత్నాలతో డిస్క్ చెవి దొరికిపోతుంది. ఆనాటి పెంటియం 3 కంప్యూటర్‌కే అది అర నిమిషం పని కూడా కాదు.

నిజానికి అంత లెక్క అవసరం కూడా లేకుండానే తాళం ఊడింది. జింగ్ అనే ఒక సాఫ్ట్‌వేర్ ప్లేయర్ తన చెవిని సరిగ్గా దాచుకోలేదు. బీరువాకు తాళం వేసి చెవిని గడప మీద పెట్టిపోయినట్టు. 1999 అక్టోబర్‌లో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లోకి వచ్చింది. దాని వెనక ఉన్న ముగ్గురిలో పేరు బయటపడింది ఒక్కడిదే: నార్వే కుర్రాడు, యోన్ లెక్ యోహాన్‌సెన్. అప్పటికి వయసు 15 ఏళ్లు. లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్) కంప్యూటర్‌లో డీవీడీ చూసుకోవడానికే చేశామని అతని వాదన. మరుసటి ఏడాది జనవరిలో పోలీసులు ఇంటికొచ్చారు, కేసు నడిచింది. 2003 జనవరిలో ఓస్లో కోర్టు కొట్టేసింది, అప్పీలులోనూ అదే ఏడాది డిసెంబర్‌లో నిర్దోషిగా తేలాడు. డబ్బు పెట్టి కొనుక్కున్న డిస్క్‌ను చూసుకోవడం ఇంకొకరి సొత్తులోకి చొరబడటం కాదని కోర్టు తేల్చింది. నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది.

అమెరికాలో గాలి ఇంకోవైపు వీచింది. అక్కడ 1998లో వచ్చిన డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం కాపీ చేశారా లేదా అన్నది పక్కనపెట్టి, తాళం తీసే పనిముట్టును పంచిపెట్టడమే తప్పు. అందుకే 321 స్టూడియోస్ అనే కంపెనీ డీవీడీ కాపీ సాఫ్ట్‌వేర్ అమ్మి కేసుల్లో ఓడి 2004లో మూతపడింది. అందరూ వాడిన డీవీడీ డిక్రిప్టర్‌ను దాన్ని రాసినాయన లీగల్ బెదిరింపు వచ్చాక 2005లో ఆపేశాడు. ఎనీడీవీడీ చేసిన స్లైసాఫ్ట్ 2016 దాకా నడిచి ఆగింది.

మరి మన దగ్గర? 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి 65ఏ అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం, హక్కుదారు హక్కును దెబ్బతీసే ఉద్దేశంతో తాళం తీస్తే 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా కూడా. ఉద్దేశం అన్న మాట ఇక్కడ ముఖ్యం. అమెరికా చట్టానికీ మనదానికీ తేడా అదే. చట్టం నిషేధించని పని కోసం తాళం తీస్తే ఆ సెక్షన్ అడ్డుపడదు. కానీ ఇంకొకరికి ఆ పని చేసిపెట్టేవాళ్లు, ఎవరికి చేశారు, వాళ్ల అడ్రస్ ఏంటి, ఎందుకు చేశారు అని రికార్డు రాసిపెట్టాలని కూడా అందులోనే ఉంది. లాక్ బ్రేక్‌కు డబ్బులు తీసుకునే షాపులో అలాంటి పుస్తకం ఉందేమో ఈసారి అడిగి చూడండి. సొంత వాడకానికి న్యాయమైన మేరకు వాడుకోవడం తప్పు కాదని 52వ సెక్షన్ చెప్తుంది. సినిమా మొత్తం కాపీ చేసుకోవడం ఆ మేరలోకి వస్తుందా అన్నది లాయర్లు వాదించుకునే విషయం. కాపీ చేసి అమ్మడం మాత్రం ఏ వాదనా లేని నేరం. 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అందుకే సినిమా డిస్క్ తాళం తీయడం నేను ఈ వీడియోలో చూపించను.

ఒక మాట చెప్పాలి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు పెట్టి అమ్మింది. వీసీడీకి సీఎస్ఎస్ లాంటి తాళమే లేదు. మన దగ్గర దొంగ సీడీని నిజంగా ఇబ్బంది పెట్టింది ఏదన్నా ఉంటే తాళం కాదు, ఆ ధరే అని నా అభిప్రాయం.

"డీవీడీ అన్‌లాకర్ ఫుల్ వెర్షన్ క్రాక్" అని వెతికి దొరికింది దించుకోకండి. పాత ప్రోగ్రామ్‌ల పేర్లు పెట్టి వైరస్‌లు అంటగట్టే సైట్లు చాలా ఉన్నాయి. లేని తాళం కోసం ల్యాప్‌టాప్ పాడు చేసుకోవడం ఎందుకు?

సరే, పనిలోకి వద్దాం. ముందు డిస్క్ మీది వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్లోకి కాపీ చేస్తున్నాను. నేరుగా డిస్క్ నుంచి మార్చొచ్చు, కానీ పాత డిస్క్‌ను గంటసేపు తిప్పడం కన్నా ఒకసారి లాగేసుకుని పక్కన పెట్టడం మేలు. గరిష్ఠంగా 4.7 జీబీ, డబుల్ లేయర్ అయితే 8.5 జీబీ.

ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ తెరుస్తున్నాను, వీడియోను ఎంపీ4 లాంటి ఫైల్‌గా మార్చే ప్రోగ్రామ్ ఇది. ఉచితం, దాని సొంత సైట్ నుంచే దించుకోండి. ఇది తనంతట తాను తాళాలు తీయదు, మనకు ఆ అవసరమూ లేదు. ఓపెన్ సోర్స్ నొక్కి కాపీ చేసిన ఫోల్డర్ చూపించాను. లోపల ఉన్న టైటిల్స్ వెతుకుతోంది. ఇదిగో లిస్ట్ వచ్చింది. మొదటిది ముప్పై సెకన్లు. స్టూడియో పేరు, గులాబీ రేకులు, వినాయకుడి బొమ్మ వచ్చే ముక్క అది. మనకు కావాల్సింది ఎక్కువ నిడివి ఉన్నది. రిసెప్షన్ విడిగా పెట్టి ఉంటే అది ఇంకో టైటిల్‌గా కనిపిస్తుంది, దాన్ని మర్చిపోకండి.

ప్రీసెట్‌లో ఫాస్ట్ 576పీ25 ఎంచుకోండి. మన డీవీడీలు పాల్ అనే టీవీ పద్ధతివి, 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు. 1080 పెట్టినంత మాత్రాన బొమ్మ మెరుగవ్వదు, ఫైల్ ఊరికే పెరుగుతుంది. తర్వాత ఫిల్టర్స్‌లోకి వెళ్లి డీఇంటర్‌లేస్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇది చాలామంది వదిలేస్తారు. అప్పటి కెమెరాలు బొమ్మను ఒక గీత వదిలి ఒక గీత తీసేవి. పాత ట్యూబ్ టీవీలో తేడా తెలిసేది కాదు. ఇప్పటి టీవీలో తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తే కారణం ఇదే. క్వాలిటీ 20 దగ్గర ఉంచండి. కంటైనర్, అంటే ఫైల్ రకం, ఎంపీ4. స్టార్ట్ ఎన్‌కోడ్ నొక్కండి, ఈలోపు టీ తాగి రండి.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. ఎంపీ4 సాధారణంగా అంతకన్నా చిన్నదే వస్తుంది కాబట్టి టెన్షన్ లేదు.

వీసీడీ అయితే ఇంకా సులువు. డాట్ ఫైల్‌ను కాపీ చేసి వీఎల్‌సీలో తెరవండి, ఆడుతుంది. టీవీ కోసం దాన్నీ హ్యాండ్‌బ్రేక్‌లో వేసి ఎంపీ4 చేసుకోండి. బొమ్మ 352 బై 288 మాత్రమే, కాబట్టి మసకగానే ఉంటుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయలేదు.

వీడియో మీద హక్కు ఎవరిదన్నది కూడా అడుగుతుంటారు. డబ్బు ఇచ్చి తీయించుకున్నవాళ్లదే. వేరే ఒప్పందం రాసుకోకపోతే 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు మీరే, స్టూడియో కాదు. కానీ ఎడిటింగ్‌లో వెనక వేసిన సినిమా పాటలు మీవి కావు. యూట్యూబ్‌లో పెడితే ఆడియో కంపెనీ క్లెయిమ్ రావచ్చు, పాట ఉన్న చోట సౌండ్ పోవచ్చు. చుట్టాలకు చూపించాలంటే ఫైల్‌నే పంపడం నయం.

చివరగా, చదవని డిస్క్‌లు. ఇదే అసలు సమస్య. రైట్ చేసిన డిస్క్‌లో డేటా ఉండేది రంగు పూతలో. అది ఎండకు, వేడికి పాడవుతుంది. కడపలో మే నెలలో 43, 44 డిగ్రీలు దాటే మిద్దె గదిలో పెట్టిన డిస్క్ గురించి వేరే చెప్పక్కర్లేదు. కింది వైపు మురికి పడితే సబ్బు నీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి, మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే కొత్త గీతలు పడతాయి. వీసీడీకి ప్రమాదం పైవైపు ఎక్కువ, ఎందుకంటే సీడీలో డేటా పొర లేబుల్ కిందే ఉంటుంది. దాని మీద బాల్ పెన్‌తో పేరు రాసి ఉంటే ఆ చోటు పోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి పైన గీసినా తట్టుకుంటుంది.

ఒక డ్రైవ్‌లో చదవకపోతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి, తేడా ఉంటుంది. లినక్స్ వచ్చినవాళ్లు డీడీరెస్క్యూ వాడొచ్చు. అది బాగున్న భాగమంతా ముందు లాగేసి, పాడైన చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి ప్రయత్నిస్తుంది. అప్పటికీ రాకపోతే వియ్యాలవారి ఇంట్లో అడగండి. స్టూడియోవాళ్లు ఇరువైపులకీ సెట్లు ఇచ్చి ఉంటారు. రెండు డిస్క్‌లూ ఒకే చోట పాడవడం అరుదు. మీ దాంట్లో ముహూర్తం పోయి, వాళ్ల దాంట్లో భోజనాలు పోయి ఉంటే, ఫైళ్లను పక్కపక్కన పెట్టి ఏ వీఓబీ ఏ డిస్క్‌లో బాగుందో చూసి, బాగున్నవన్నీ ఒక ఫోల్డర్‌లో చేర్చి హ్యాండ్‌బ్రేక్‌కు ఇవ్వండి. ఒకే మాస్టర్ నుంచి రైట్ చేసినవైతే ఫైళ్ల పేర్లు, సైజులు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి. కలిపే ముందు అది మాత్రం చూసుకోండి.