గది కొరతా, తలుపు కొరతా? – కోవిడ్ తర్వాత విశాఖ ఇళ్ల ప్లాన్లు (ప్రసంగ పాఠం)

ఫ్లాటు కొనాలనో, సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవాలనో వచ్చిన మీ అందరికీ నమస్కారం.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఇంటిల్లిపాదీ ఒకే కప్పు కింద, ఒకే వేళకి పని చేయాల్సి వచ్చింది. రెండు బెడ్‌రూముల ఫ్లాట్లో ఇద్దరికి ఆఫీసు, పిల్లాడికి ఆన్‌లైన్ క్లాసు, పెద్దవాళ్లకి టీవీ. అప్పట్నుంచి ప్లాన్ గీయించుకునేవాళ్ల కోరికల చిట్టా ఇంచుమించు ఒకటే: ఆఫీసు గది, పెద్ద బాల్కనీ, గుమ్మం దగ్గర వాష్‌బేసిన్, అటాచ్డ్ బాత్రూమ్‌తో ఇంకో గది. వీటిలో కొన్ని నిలిచాయి, కొన్ని మూలపడ్డాయి. మేం చెప్పేది ఒక్కటే. చాలా ఇళ్లలో కొరత గదికి కాదు. తలుపుకి, గాలికి, ప్లగ్ పాయింట్లకి. అదనపు గదికి డబ్బు పోసే ముందు ఈ మూడూ చూసుకోండి.

ఆఫీసు బల్లకి నిజంగా కావలసిన చోటు ఎంత? పొడవు 4 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు 30 అంగుళాలు. కుర్చీ వెనక్కి జరగడానికి ఇంకో 3 అడుగులు. మొత్తం 20 చదరపు అడుగులు. కాస్త పెద్ద బెడ్‌రూములో ఒక మూల ఇది దొరుకుతుంది. కిటికీ మాత్రం బల్లకి పక్కగా ఉండాలి. వీపు వెనక ఉంటే వీడియో కాల్లో ముఖం నల్లగా పడుతుంది, ఎదురుగా ఉంటే మధ్యాహ్నానికి కళ్లు లాగేస్తాయి. బల్లని హాల్లో డైనింగ్ టేబుల్ పక్కన ఇరికించి ‘స్టడీ’ అని బ్రోచర్లో రాసేవాళ్లున్నారు. తలుపు లేని చోట ఆఫీసు పని సాగదు.

ఆ తలుపైనా ఎలాంటిది? లోపల బోలుగా ఉండే చవక రకం వద్దు. 35 మిల్లీమీటర్ల గట్టి ఫ్లష్ డోర్ పెట్టించండి. మాట బయటికి పోయేది ఎక్కువగా కింది సందులోంచి. గచ్చుకీ తలుపుకీ మధ్య 10, 12 మిల్లీమీటర్లు వదిలేస్తే ఎంత మంచి చెక్కైనా దండగే, కింద రబ్బరు సీల్ వేయించాలి. పక్కకి జరిగే తలుపు చోటు ఆదా చేస్తుంది కానీ చుట్టూ సందులుంటాయి, శబ్దాన్ని ఆపదు. వంటింటి గోడని ఆనుకుని బల్ల వేస్తే మిక్సీ మోత మీటింగులో అందరికీ వినిపిస్తుంది.

పాయింట్ల సంగతి. బల్ల మట్టానికి పైన కనీసం నాలుగు సాకెట్లు, పక్కనే లాన్ కేబుల్ కోసం విడిగా ఒక పైపు. కరెంటు వైర్లున్న పైపులోనే దాన్ని లాగొద్దు. ఫైబర్ లైను హాల్లో టీవీ దగ్గరికి వచ్చి ఆగుతుంది, పని చేసేదేమో చివరి గదిలో. మధ్యలో కాంక్రీటు గోడలుంటే వైఫై నీరసిస్తుంది. ఇప్పుడు మధురవాడ, కొమ్మాది వైపు లేస్తున్న ఎత్తైన భవనాల్లో అల్యూమినియం ఫ్రేములతో గోడలు కూడా కాంక్రీటుతోనే పోసే మైవాన్ పద్ధతి కనిపిస్తోంది. ఇటుక గోడకి తర్వాతైనా గాడి కొట్టొచ్చు. మైవాన్ గోడకి కుదరదు, కొట్టనివ్వరు కూడా. కాబట్టి పాయింట్లన్నీ కాంక్రీటు పోయకముందే తేల్చుకోవాలి.

ఇన్వర్టర్ లెక్క కూడా వేసుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1800 వాట్ అవర్లు, చేతికొచ్చేది 1200 దాకా. రెండు లాప్‌టాప్‌లు, రూటరు, లైట్లు, మూడు మామూలు ఫ్యాన్లు కలిపితే 400 వాట్లు అవుతాయి, మూడు గంటలు నడుస్తుంది. ఆ మూడు ఫ్యాన్లూ తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ రకమైతే నాలుగున్నర గంటలు.

ఇక గాలి. మనం గోల పెట్టాల్సింది దీని గురించే, ఎవరూ పెట్టరు. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీ వైశాల్యం గది నేలలో ఆరో వంతు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. ఇళ్లలో కరెంటు ఆదా కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా ఫ్లాటు మొత్తం మీద అదే 16.66 శాతం అంటోంది. 10 × 12 గదికి 20 చదరపు అడుగులు. 5 × 4 కిటికీ పెట్టాం, సరిపోయింది అనుకుంటారు. అది రెండు రెక్కల స్లైడింగ్ అయితే తెరుచుకునేది సగమే, 10 చదరపు అడుగులు. అదే చోట బయటికి తెరుచుకునే రెక్కల కిటికీ పెడితే 18 దాకా వస్తుంది. పైగా రెక్కల కిటికీకి చుట్టూ రబ్బరు బిగుస్తుంది కాబట్టి తుఫాను జల్లు లోపలికి తక్కువగా కొడుతుంది. స్లైడింగ్ పట్టాల్లో నీరు పోయే చిన్న కంతలు మట్టితో పూడితే ఆ నీరంతా హాల్లోకే. కాకపోతే రెక్కల కిటికీకి హింజెస్ మంచివి కావాలి. సముద్రానికి దగ్గరైతే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి కూడా మచ్చలు పడతాయి, 316 రకం అడగండి.

ఇక్కడొక చిక్కుంది. గాలి ఆడాలంటే వచ్చే దారీ పోయే దారీ రెండూ కావాలి. వేసవిలో, వానాకాలంలో మనకి ఎక్కువగా నైరుతి గాలి. ఆ వైపు కిటికీ ఉన్నా, మీటింగు కోసం గది తలుపు వేయగానే పోయే దారి మూసుకుపోతుంది. ఏసీ వేస్తాం కదా అంటారు. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి ఒక్క చుక్క తేదు. సాయంత్రానికి తలనొప్పి, బద్ధకం చాలావరకు దీనివల్లే. గదికి అటాచ్డ్ బాత్రూము ఉంటే దాని తలుపు తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, కిటికీ రెండంగుళాలు తెరవండి. గంటకి పది నిమిషాలు చాలు. జ్ఞానాపురం, మల్కాపురం లాంటి పోర్టు పక్క పేటలవాళ్లు ‘కిటికీ తీస్తే నల్లదుమ్మండీ’ అంటారు, నిజమే. అక్కడ పోర్టు వైపు కిటికీలు చిన్నవి చేసి, వెనకవైపు పెద్దవి పెట్టించాలి.

బాల్కనీ దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. మూడడుగుల బాల్కనీ బట్టలారేయడానికే పనికొస్తుంది. ఇద్దరు కుర్చీలేసుకుని కూర్చోవాలంటే 5 అడుగులు కావాలి. బాల్కనీ గచ్చు గది గచ్చు కంటే అంగుళం పైన దిగువకి ఉండాలి, వాలు నీరు పోయే ట్రాప్ వైపు. లాక్‌డౌన్‌లో పట్టుకున్న మొక్కల సరదా మంచిదే. 12 అంగుళాల కుండీ తడి మట్టితో 35, 40 కిలోలుంటుంది. బాల్కనీ స్లాబుని మామూలుగా చదరపు మీటరుకి 300 కిలోలకి లెక్కేస్తారు. పెద్ద తొట్లు గోడవైపు పెట్టండి, పిట్టగోడ అంచున వరస కట్టించొద్దు.

దాన్ని మూసేసి ఆఫీసు చేసుకోవడం ఇంకా ప్రమాదం. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండువైపులా ప్లాస్టరింగుతో, 9 అడుగుల ఎత్తు లేపితే మీటరు పొడవుకి 700 కిలోలు దాటుతుంది. అదంతా గాల్లోకి వేలాడే స్లాబు చివర పడుతుంది. పగులు బయటపడేది కింద కాదు, గోడ దగ్గర స్లాబు పైభాగంలో, టైల్స్ కింద. చాలాకాలం ఎవరికీ కనబడదు. అద్దాలతో మూస్తాం అంటారా? విశాఖలో భవనాల డిజైన్‌కి లెక్కేసే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో అద్దాలు ఏమయ్యాయో ఈ ఊళ్లో చెప్పక్కర్లేదు. పైగా వెనక గదికి వెలుగూ గాలీ వచ్చేది ఆ బాల్కనీలోంచే. మంజూరైన ప్లాన్‌కి విరుద్ధం కూడా.

జబ్బుపడ్డవాళ్లకో గది కావాలన్న కోరిక మాత్రం న్యాయమైనదే, పెద్దవాళ్లకి ఎలాగూ పనికొస్తుంది. బయటికి కిటికీ, సొంత బాత్రూము ఉంటే చాలు. బాత్రూము తలుపు రెండున్నర అడుగులు కాక 3 అడుగులు పెట్టిస్తే వీల్‌చైరు పడుతుంది.

గుమ్మం దగ్గర బేసిన్ ఎందుకు మూలపడిందంటే, వాడటం మానేశాక దాని కింద ట్రాప్‌లో, అంటే మురుగు వాసన పైకి రాకుండా నీరు నిలిపే వంపులో, నీరు ఎండిపోతుంది. బొద్దింకలూ వాసనా అక్కణ్ణుంచే. బాత్రూముల ఫ్లోర్ ట్రాపులూ అంతే. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్టుమెంట్లలో సార్స్ వందలమందికి పాకినప్పుడు, ఎండిన ఫ్లోర్ ట్రాపుల్లోంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు మురుగు గాలిని లోపలికి లాగడం ఒక ముఖ్య కారణంగా తేలింది. అందుకే ఇందాక చెప్పిన ఎగ్జాస్ట్ చిట్కా నీరున్న ట్రాపుతోనే పనికొస్తుంది. 50 మిల్లీమీటర్ల నీటి సీల్ ఉన్న ట్రాప్ వేయించండి, వాడని బాత్రూములో వారానికో చెంబెడు నీళ్లు పొయ్యండి.

ప్లాన్ కాగితాలు తెచ్చుకున్నవాళ్లు కిటికీలూ తలుపుల కొలతలున్న పట్టిక తీసి పట్టుకోండి, ప్రశ్నలు అక్కణ్ణుంచి మొదలుపెడదాం.