సీటు దాకా, లైసెన్సు దాకా: ఆరోగ్య కోర్సుల అప్పు లెక్క

సభకు నమస్కారం. ఇక్కడ అమెరికాలో రెండేళ్ల డిగ్రీలిచ్చే ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్, డెంటల్ హైజీన్ (పళ్ల శుభ్రత), రెస్పిరేటరీ థెరపీ (శ్వాస చికిత్స) వంటి కోర్సుల్లో చేరాలనుకుంటున్న పిల్లలూ, వారి తల్లిదండ్రులూ, పిల్లలు బడికి వెళ్తున్నారు కాబట్టి ఇక తామూ చదువుకోవచ్చునని వచ్చిన అమ్మలూ ఈ గదిలో ఉన్నారు. ఇందాకటి నుంచి చాలామంది నన్ను అడిగింది ఒకటే: ఏ కోర్సుకు జీతం ఎక్కువ, అప్పు తక్కువ? ఆ ప్రశ్న సరైనదే కానీ అందులో కాలం లెక్కకు రాలేదు. అప్పు మొదటి సెమిస్టరు ఫీజు కట్టిన రోజునే మొదలవుతుంది. జీతం మాత్రం కోర్సులో సీటు దొరికి, క్లినికల్స్, అంటే ఆస్పత్రిలో చేసే శిక్షణ, పూర్తయి, లైసెన్సు చేతికి వచ్చాకే మొదలవుతుంది. ఆ రెండు తేదీల మధ్య దూరం మీ ఇంట్లో ఎంత ఉండబోతోందో ముందుగా అంచనా వేసుకోవాలని చెప్పడానికే నేను వచ్చాను.

జీతాల సంగతి త్వరగా చెప్పేస్తాను. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో 2023 మే లెక్కల ప్రకారం, దేశమంతటా ఆ పని చేసేవారిని జీతాల వరుసలో నిలబెడితే నడిమి మనిషికి ఏడాదికి అందేది డెంటల్ హైజీనిస్టు అయితే 87,530 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సు అయితే 86,070, రెస్పిరేటరీ థెరపిస్టు అయితే 77,960. అదే కాలేజీలో, ఒక్కోసారి అదే భవనంలో నేర్పే మెడికల్ అసిస్టెంటు పనికి 42,000, రక్తం తీసే ఫ్లెబాటమిస్టుకు 41,810. కాబట్టి "మా అమ్మాయి హెల్త్ సైడ్ తీసుకుంది" అన్న మాటతో జీతం గురించి మనకు తెలిసేది ఏమీ లేదు.

ఇక ఖర్చు. ఇక్కడ కాలిఫోర్నియాలో రాష్ట్రవాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు 2012 నుంచి యూనిట్‌కు 46 డాలర్లే; యూనిట్ అంటే ఒక్కో క్లాసుకు ఇచ్చే క్రెడిట్ లెక్క. డెబ్బై యూనిట్ల నర్సింగ్ డిగ్రీకి మొత్తం 3,220 డాలర్లు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) రుణం మొదటి ఏడు 5,500, రెండో ఏడు 6,500 దాటి ఇవ్వరు. ఆ పన్నెండు వేలూ తీసుకున్నా, అయిదున్నర శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చడానికి నెలకు 130 డాలర్ల వాయిదా పడుతుంది. నర్సు జీతం ముందు అది భారం అనిపించదు. అయినా మనవాళ్లు అప్పుల్లో పడుతున్నారంటే అందుకు కారణం ఫీజు కంటే ఆ చదువు తీసుకునే ఏళ్లే.

నేను అనాటమీ క్లాసులో చేరిన సెమిస్టరులో నా పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చునేది. కండరాల పేర్లన్నీ రంగురంగుల కార్డుల మీద రాసుకుని, బస్సులో వాటిని తిరగేస్తూ వచ్చేది. అప్పటికి ఆమె నర్సింగ్‌కు మూడుసార్లు దరఖాస్తు పెట్టుకుంది. "ప్రీ-నర్సింగ్" అని నమోదైనవారు నర్సింగ్ విద్యార్థులు కారు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ మంచి గ్రేడ్లతో ముగించి, టీస్ అనే ప్రవేశ పరీక్ష రాసి, ఆ తర్వాత మార్కుల వరుసలోనో, కొన్ని కాలేజీల్లో లాటరీలోనో సీటు తెచ్చుకోవాలి. సీటు రానంత కాలం ఆమె తనకొచ్చే ఫెడరల్ సాయం ఆగిపోకుండా అవసరం లేని క్లాసులు తీసుకుంటూ వచ్చింది. ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్ల వరకు వచ్చే, తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంటుకు జీవితకాలంలో పన్నెండు పూర్తి సెమిస్టర్ల పరిమితి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి తెలివికేం తక్కువ లేదు, కష్టపడడంలోనూ తక్కువ లేదు. ఆమె ముందు లెక్క పెట్టినవారే లేరు.

నా లెక్క కూడా అలాగే తప్పింది. పని అనుమతి కొత్తగా వచ్చిన ఉత్సాహంలో, కమ్యూనిటీ కాలేజీలో ఏడాది ఆగాలన్నారని, ఒక ప్రైవేటు స్కూలులో మెడికల్ అసిస్టెంటు సర్టిఫికెట్ కోసం 18,000 డాలర్లు అప్పు చేశాను. పదకొండు శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు, నెలకు 391 డాలర్ల వాయిదా. నాకు ఇచ్చింది గంటకు పదిహేడు డాలర్లు. అంటే ప్రతి నెలా ఇరవై మూడు గంటల పని ఆ వాయిదాకే పోయేది. విద్యాశాఖ 2023లో తెచ్చిన నిబంధనలో ఒక కొలత పెట్టింది: రుణ వాయిదాలు ఏడాది సంపాదనలో ఎనిమిది శాతం మించకూడదని. నా జీతానికి అది నెలకు 235 డాలర్లు. ఆ కొలత నాకు ఆ రోజు తెలిసి ఉంటే సంతకం పెట్టేదాన్ని కాను.

విద్యాశాఖ నడిపే వెబ్‌సైటు కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో 2019 నుంచి కోర్సువారీగా సంపాదన, అప్పు కనిపిస్తున్నాయి. తప్పకుండా చూడండి, కానీ ఆ అంకెల్లో ఎవరున్నారో తెలుసుకుని చూడండి. అవి ఫెడరల్ సాయం తీసుకుని, కోర్సు పూర్తి చేసినవారివి. నా పక్క బల్ల అమ్మాయి అందులో లేదు. నాలాంటివారు బయట చేసిన ప్రైవేటు అప్పు కూడా అందులో లేదు. తల్లిదండ్రుల హెచ్-1బి ఉద్యోగ వీసా వెంట వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న మన పిల్లలకు ఫెడరల్ సాయమే లేదు కాబట్టి వారూ లేరు. ఆ పిల్లల విషయంలో ఇంకో మాట కఠినంగానైనా చెప్పాలి: హెచ్-4 పిల్లలకు పని చేసే అనుమతి లేదు, కాబట్టి చదువు ముగిసేనాటికి వీసా పరిస్థితి ఏమవుతుందో తేల్చుకోకుండా జీతం గడిలో 86,070 అని రాసుకోకండి.

కాలేజీకి వెళ్లినప్పుడు కోర్సు ఆఫీసులోనే అడగండి: పోయినసారి దరఖాస్తులు ఎన్ని, సీట్లు ఎన్ని, చేరినవారిలో అనుకున్న గడువులో ముగించినవారు ఎందరు? నర్సింగ్ అయితే లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో మొదటిసారే నెగ్గినవారి శాతాన్ని రాష్ట్ర నర్సింగ్ బోర్డు కాలేజీవారీగా ప్రకటిస్తుంది. డెంటల్ హైజీన్ అయితే పరికరాల కిట్ ధర అడగండి. అది వేల డాలర్లలో ఉంటుంది, ఫీజుల పట్టికలో పై వరుసలో కనిపించదు. క్లినికల్స్ తెల్లవారుజామునే మొదలయ్యే రోజుల్లో ఇప్పుడు చేస్తున్న ఉద్యోగంలో ఎన్ని గంటలు వదులుకోవాలో కూడా ఖర్చులోనే వేయండి. రెండేళ్ల డిగ్రీవారూ నాలుగేళ్ల డిగ్రీవారూ రాసేది ఒకే ఎన్‌క్లెక్స్; పై డిగ్రీ ఉద్యోగంలో చేరాక చదివితే, యజమాని ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇచ్చే చదువు ఖర్చు మీద ఫెడరల్ ఆదాయపు పన్ను పడదు.

తలుపు దగ్గరి బల్ల మీద కాగితాలు పెట్టాను. అందులో మొదటి గడి మీ ఇప్పటి యూనిట్లకు, రెండోది సీటు కోసం ఆగగలిగే సెమిస్టర్లకు, మూడోది ఆ కాలమంతా ఇంటికి రాని సంపాదనకు. జీతం గడి చివర ఉంది. మిగతా మూడూ నిండాకే దాన్ని పూరించండి. ట్రాన్‌స్క్రిప్టు వెంట తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రండి, ఒక్కొక్కరి లెక్కా కలిసి వేద్దాం.