గట్టు మీది అనుభవాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేదెలా?

[దృశ్యం: నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంతలు. తెల్లవారుజాము. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు.]

వాయిస్: ఒక రొయ్యల కంపెనీ మేత లెక్కకు సాఫ్ట్‌వేర్ చేయించుకుంటోంది అనుకుందాం. ఇంజినీరు గట్టు మీదికొచ్చి, మేత వేసే ఆయన్ను "మేత ఎంత వేయాలో ఎట్లా తెలుస్తుందన్నా?" అని అడుగుతాడు. "చార్ట్ చూసి వేస్తాం సార్" అంటారాయన. అబద్ధం కాదు. కానీ నిన్న మబ్బు పట్టిందని ఆయన మేత తగ్గించారు. అది చార్టులో లేదు. చెప్పాల్సిన విషయమని కూడా ఆయనకు తోచలేదు.

మనిషికి తెలిసింది, చెప్పగలిగిన దానికన్నా ఎక్కువని తత్వవేత్త మైకేల్ పొలాన్యీ 1966లోనే రాశారు. అందుకే పద్ధతి అడగకూడదు, జరిగిన రోజును అడగాలి. 1954లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లానగన్ వివరించిన పద్ధతి ఇదే. "అన్నా, ఈ పంటలో మీకు బాగా టెన్షన్ పెట్టిన రాత్రి ఏది? ఆ పొద్దున చెక్ ట్రేలో ఏం చూశారు?" చెక్ ట్రే అంటే, రొయ్య ఎంత తిన్నదో చూడటానికి మేత పెట్టి నీళ్లలో దించే పళ్లెం. ఇట్లా అడిగితే మబ్బు సంగతి బయటికొస్తుంది.

[తెర మీద: ఒక్కో మాట చేరుతూ వలయంగా మారే బొమ్మ]

వాయిస్: మబ్బు పడితే నీటిలో తేలే సన్నటి నాచు, అంటే ప్లాంక్టన్, పగలు ఆక్సిజన్ తక్కువ తయారుచేస్తుంది. రాత్రి మాత్రం వాడుకుంటూనే ఉంటుంది. తెల్లారేసరికి నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే డీవో, పడిపోతుంది, రొయ్య మేత ముట్టదు. మిగిలిన మేత అడుగున కుళ్లి, ఉన్న ఆక్సిజన్‌నీ లాగేస్తుంది. అమ్మోనియా పెరుగుతుంది. రొయ్య ఇంకా తగ్గించి తింటుంది.

ఇందులో ట్రేలో మిగిలిన మేత ఒకరికి తెలుసు. రాత్రి కరెంటు ఎప్పుడు పోయిందో కాపలా ఆయనకు తెలుసు. డీవో అంకె టెక్నీషియన్ దగ్గర ఉంటుంది. జనరేటర్ డీజిల్ ఎంత తాగిందో అకౌంటెంటు పుస్తకంలో ఉంటుంది. మొత్తం వలయం ఏ ఒక్కరి తలలోనూ లేదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. ఎమ్‌ఐటీలో జే ఫారెస్టర్ 1950లలో మొదలుపెట్టిన సిస్టమ్ డైనమిక్స్ ఇలాంటి వలయాలతోనే సంస్థలను చదువుతుంది.

[దృశ్యం: షెడ్డులో నలుగురు, మధ్యలో లాగ్ బుక్కు]

వాయిస్: గీసిన బొమ్మ నిజమేనా? ముందు ఇంజినీరే దాన్ని వాళ్లకు తిరిగి చెప్పాలి, వాళ్లు తప్పులు పట్టాలి. అయితే ఓనరు ఎదురుగా వద్దు. ఆయన ముందు అందరూ "అవును సార్" అంటారు, ఆ అవునుకు విలువ లేదు.

తర్వాత, బొమ్మ గీసేటప్పుడు చూడని పంట లాగ్ బుక్కు తీయండి. మేత కాలమ్ మూసేసి సాఫ్ట్‌వేర్‌ను అడగండి. రెండు అంకెలూ కుదరకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనుకోవద్దు. రోజంతటి లెక్కా సాయంత్రం గుర్తుతెచ్చుకుని ఒకేసారి రాసి ఉండొచ్చు. ఇంకు, చేతిరాత రోజంతా ఒకేలా ఉన్నాయేమో కూడా చూడండి.

ఒక చోట మాత్రం మేత వేసే ఇద్దరికి పడదు. రొయ్య పెంకు విడుస్తుందని ఒకాయన అమావాస్యకు ముందే మేత తగ్గిస్తారు. ఇంకొకాయన ట్రేలో పెంకులు కనబడితేనే తగ్గిస్తారు. ఎవరినీ కొట్టిపారేయొద్దు. రెండు మాటలూ రాసుకుని, వచ్చే అమావాస్యకు ఒకే వయసు రొయ్య పిల్లలున్న రెండు గుంతల్లో ట్రేలు ఎత్తి చూడాలి.